జీపీఓ కోత పోయి, మావారి సోషల్ సెక్యూరిటీ నాకు పూర్తిగా వచ్చేదాకా: నా అనుభవం

సోషల్ సెక్యూరిటీ అంటే జీతంలోంచి పట్టుకుని రిటైరయ్యాక అమెరికా ప్రభుత్వం ఇచ్చే పెన్షన్. వేరే గవర్నమెంట్ పెన్షన్ ఉన్నవాళ్లకి అందులో పెట్టే జీపీఓ లాంటి కోతల్ని ఎత్తేసిన సోషల్ సెక్యూరిటీ ఫెయిర్‌నెస్ యాక్ట్ వచ్చి ఏడాది దాటింది. అయినా అమెరికాలో గవర్నమెంట్ స్కూళ్లలో టీచర్లుగా చేసి రిటైరైన మనవాళ్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. మాకూ వస్తుందా, అప్లై చేయాలా లేక వాళ్లే ఇస్తారా, టాక్స్ ఎంత పోతుంది, ఇవే ప్రశ్నలు. మొన్నే టాక్స్ కూడా ఫైల్ చేసేశాను కాబట్టి నా వరకు ఈ వ్యవహారం పూర్తయినట్టే. మొదటి నుంచి చివరి దాకా ఏం జరిగిందో తేదీలతో సహా రాస్తున్నాను.

ముందు నా పరిస్థితి చెప్పాలి, ఎందుకంటే ఈ చట్టంలో ఒక్కొక్కరి లెక్క ఒక్కో రకం. మావారు ప్రైవేటు కంపెనీల్లో ఇంజనీరుగా ముప్పై ఏళ్లకు పైగా పని చేశారు, ప్రతి జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి కట్టారు, ఎక్కువ ఏళ్లు 6.2 శాతం. కంపెనీ వాటా ఇంకో 6.2 శాతం. నేను పిల్లలు పెద్దయ్యాక సర్టిఫికేషన్ తెచ్చుకుని 1999లో టెక్సస్‌లో ఒక పబ్లిక్ స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. టెక్సస్‌లో చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో టీచర్ల జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ కట్ అవ్వదు, దాని బదులు టీచర్ రిటైర్‌మెంట్ సిస్టమ్‌కి కట్టాలి. మా డిస్ట్రిక్టూ అలాంటిదే. ఈ ఉద్యోగం వల్ల సోషల్ సెక్యూరిటీ మీద ప్రభావం ఉండొచ్చని చేరిన రోజు ఎవరైనా చెప్పినట్టు నాకైతే గుర్తు లేదు.

మావారు 2018లో పోయారు. ఆయన ఒక్క నెల కూడా సోషల్ సెక్యూరిటీ తీసుకోలేదు. 63 ఏళ్లు ఆయనకి. 70 వచ్చేదాకా ఆగితే ఎక్కువ వస్తుందని లెక్కలు వేసుకునేవారు.

నేను 2021 జూన్‌లో రిటైరయ్యాను. టీచర్ పెన్షన్ నెలకు 2,430 డాలర్లు. ఆ పెన్షన్ అప్పటి నుంచి ఇప్పటి దాకా అదే అంకె. నా పేరు మీద సొంతంగా సోషల్ సెక్యూరిటీ లేదు, దానికి కావాల్సిన 40 క్రెడిట్లు, అంటే దాదాపు పదేళ్ల చెల్లింపులు, నిండలేదు. 2023లో, కోత లేకుండా పూర్తి బెనిఫిట్ ఇచ్చే వయసు దాటాక, మావారి రికార్డు మీద సర్వైవర్ బెనిఫిట్‌కి (పోయినవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) అప్లై చేశాను. దీనికి ఆన్‌లైన్ లేదు, ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఏప్రిల్‌లో ఫోన్ చేస్తే ఐదు వారాల తర్వాతకి ఫోన్ అపాయింట్‌మెంట్ ఇచ్చారు. మాట్లాడినావిడ చాలా మర్యాదగా మాట్లాడింది. డెత్ సర్టిఫికెట్, మ్యారేజ్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ ఆఫీసుకి తెచ్చి చూపించమంది. జిరాక్సులు పనికిరావు, ఒరిజినల్ చూసి వెనక్కి ఇచ్చేస్తారు.

మన పెళ్లిళ్ల సంగతి తెలిసిందే కదా, 1981లో ఎవరు రిజిస్టర్ చేయించారు? అదృష్టం కొద్దీ గ్రీన్ కార్డు కోసం తర్వాతెప్పుడో మావారు రిజిస్టర్ చేయించి పెట్టారు. అందులో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఇక్కడి కాగితాల్లో ఆయన ఇంటిపేరు. ఇద్దరూ ఒకరే అని చూపించడానికి నా పాత పాస్‌పోర్టు, నాచురలైజేషన్ సర్టిఫికెట్ కూడా పట్టుకెళ్లాల్సి వచ్చింది. మీ దగ్గర పెళ్లి సర్టిఫికెట్ లేకపోతే ఇప్పుడే, భార్యాభర్తలిద్దరూ ఉన్నప్పుడే, ఇండియా వెళ్లినప్పుడు ఆ పని చేయించుకోండి. ఒక్కరే మిగిలాక ఆ కాగితం కోసం తిరగడం డబ్బు కంటే మనసుకి ఎక్కువ కష్టం.

దాదాపు రెండున్నర నెలలకి ఉత్తరం వచ్చింది. మావారి రికార్డు మీద నాకు రావాల్సింది నెలకు 2,310. దాంట్లోంచి నా టీచర్ పెన్షన్‌లో మూడింట రెండు వంతులు, అంటే 1,620, తీసేశారు. మిగిలింది 690. మెడికేర్ పార్ట్ బి, అంటే పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా ప్రీమియం, 164.90 పోగా చేతికి 525.

ఈ కోత పేరే గవర్నమెంట్ పెన్షన్ ఆఫ్‌సెట్, అందరూ జీపీఓ అంటారు. 1977లో వచ్చిన నిబంధన. దీనికి తోడు 1983లో ఇంకొకటి తెచ్చారు, విండ్‌ఫాల్ ఎలిమినేషన్ ప్రొవిజన్, డబ్ల్యూఈపీ. మొదటిది భార్యకో భర్తకో వచ్చేదాన్ని కోస్తుంది, రెండోది మనం సొంతంగా సంపాదించుకున్న రిటైర్‌మెంట్, డిసబిలిటీ బెనిఫిట్‌లను కోస్తుంది. మా స్కూల్లో సైన్స్ చెప్పిన ఒక మాస్టారు టీచింగ్‌కి రాకముందు పదిహేనేళ్లు కంపెనీల్లో చేశారు, ఆయనకి డబ్ల్యూఈపీ వల్ల నెలకు నాలుగొందలకు పైనే పోయేది. డబ్ల్యూఈపీ కోతకి ఒక గరిష్ఠ పరిమితి ఉండేది, 2024లో అది 587 డాలర్లు. జీపీఓకి అలాంటి పరిమితి లేదు. పెన్షన్ పెద్దదైతే భర్త బెనిఫిట్ మొత్తం సున్నా అయిపోయేది.

ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు వచ్చిన బాధ డబ్బు గురించి మాత్రమే కాదు. ఆయన కట్టింది ఆయనది. నేను ఇంకో చోట ఉద్యోగం చేశానని ఆయన కట్టినదానికి కోత పెట్టడం నాకు మింగుడు పడలేదు. నేను ఉద్యోగమే చేయకుండా ఇంట్లో ఉండి ఉంటే 2,310 పూర్తిగా వచ్చేది. ఇరవై రెండేళ్లు పిల్లలకి ఆల్జీబ్రా చెప్పినందుకు నెలకు 1,620 పోయింది. ఆ వారమంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను.

తర్వాత రిటైర్డ్ టీచర్ల సంఘం మీటింగులకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడే తెలిసింది ఈ కోతలు తీసేయాలని ఇరవై ఏళ్లకు పైగా ప్రతి రెండేళ్ల కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కాలంలోనూ బిల్లు పెడుతున్నారని, ప్రతిసారీ కమిటీలోనే ఆగిపోతోందని. 2023 జనవరిలో లూసియానాకి చెందిన రిపబ్లికన్ గారెట్ గ్రేవ్స్, వర్జీనియాకి చెందిన డెమొక్రాట్ ఆబిగెయిల్ స్పాన్‌బర్గర్ కలిసి పెట్టిన బిల్లు నంబర్ హెచ్‌ఆర్ 82. మాలో పెద్దావిడ ఒకరు, 84 ఏళ్లు, నేను చనిపోయేలోపు పాసవుతుందా అని అడిగేది ప్రతి మీటింగ్‌లో. మా ఏరియా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి, ఇద్దరు సెనేటర్ల ఆఫీసులకి ఫోన్లు చేయడం నేర్చుకున్నాను. మొదటిసారి గొంతు వణికింది. ఫోన్ ఎత్తిన కుర్రాడు పేరు, జిప్ కోడ్, బిల్లు నంబర్ అడిగి రాసుకున్నాడు, అంతే, రెండు నిమిషాల పని. దానికి అంత టెన్షన్ అక్కర్లేదు.

2024 సెప్టెంబర్‌లో కథ మలుపు తిరిగింది. కమిటీలో ఆగిన బిల్లుని ప్రతినిధుల సభలోకి లాక్కురావడానికి డిశ్చార్జ్ పిటిషన్ అని ఒక దారి ఉంది, దానికి 218 మంది సంతకాలు కావాలి. అది సాధారణంగా నెరవేరదు. ఈసారి నెరవేరింది. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు చదవడానికే గంట పట్టింది.

తర్వాత మూడు నెలలు నిద్ర సరిగ్గా పట్టలేదనే చెప్పాలి. నవంబర్ 5న దేశమంతా ఎన్నికల్లో ఉంటే, సభలో ఇద్దరు సభ్యులు కలిసి బిల్లుని పక్కన పెట్టించేశారు. ఇక అయిపోయింది అనుకున్నాం. కానీ వేరే దారిలో మళ్లీ సభ ముందుకి వచ్చింది, నవంబర్ 12న 327–75 ఓట్లతో పాసైంది. అంత తేడాతో పాసవుతుందని మాలో ఎవరూ ఊహించలేదు. కానీ సెనేట్ మిగిలే ఉంది. 2025 జనవరి 3న పాత కాంగ్రెస్ గడువు అయిపోతుంది, ఈలోపు పాసవ్వకపోతే బిల్లు చచ్చిపోయినట్టే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. డిసెంబర్ 20 రాత్రి సెనేట్‌లో సవరణల మీద ఓట్లు జరుగుతుంటే లైవ్ పెట్టుకుని కూర్చున్నాను. రిటైర్‌మెంట్ వయసుని 70కి పెంచాలని ఒక సవరణ పెట్టారు, దానికి ముగ్గురే ఓటేశారు, 93 మంది కాదన్నారు. అర్ధరాత్రి దాటాక, అంటే తారీఖు మారి 21 అయ్యాక, 76–20తో పాసైంది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయికి ఆ టైమ్‌లోనే ఫోన్ చేశాను. "ఏమైంది అమ్మా" అని కంగారుపడ్డాడు పాపం.

జనవరి 5, ఆదివారం, ప్రెసిడెంట్ బైడెన్ సంతకం పెట్టారు. మా మీటింగ్‌లో ప్రతిసారీ అడిగే ఆ పెద్దావిడ ఆ సంతకం టీవీలో చూసింది.

ఇక్కడి నుంచి జరిగింది చాలామందికి తెలియదు. చట్టంలో 2023 డిసెంబర్ తర్వాత రావాల్సిన బెనిఫిట్‌లకి కోత ఉండదని రాశారు. అంటే 2024 జనవరి నుంచి పాత బాకీ కూడా ఇవ్వాలి. కానీ దానికోసం ఆఫీసుకి అదనంగా డబ్బు, మనుషులు ఇవ్వలేదు. జనవరి చివర్లో సోషల్ సెక్యూరిటీ వాళ్లు అందరి లెక్కలూ సరిచేయడానికి ఏడాదికి పైనే పట్టొచ్చని చెప్పారు. చేయాల్సిందల్లా అడ్రస్, బ్యాంక్ వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడమే అన్నారు.

నేను ఆ పనికి ఆన్‌లైన్ అకౌంట్ తెరుద్దామని కూర్చుంటే అది ఒక తతంగం అయింది. మనం ఎవరో నిరూపించుకోవడానికి ఫోన్ నంబర్ మన పేరు మీద ఉండాలి. నాది మా అబ్బాయి ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంది, రికార్డుల్లో అది వాడి పేరు. అందుకని కోడ్ పోస్టులో తెప్పించుకోవాల్సి వచ్చింది, అది వచ్చేసరికి వారం పైనే. పిల్లల ప్లాన్‌లో ఉన్న పెద్దవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి చెబుతున్నాను. అవసరం వచ్చిన రోజున కాకుండా ముందే తెరిచి పెట్టుకోండి.

ఈ మధ్యలోనే ఫోన్లు మొదలయ్యాయి. "మీ పాత బాకీ రెడీగా ఉంది, ప్రాసెసింగ్ ఫీజు కడితే ఈ వారమే వేస్తాం" అని ఒకడు, నా పూర్తి పేరు, నేను రిటైర్డ్ టీచర్ అన్న సంగతి కూడా చెప్పాడు. ఒక్క నిమిషం నిజమేనేమో అనిపించేలా మాట్లాడాడు. ఈ డబ్బు కోసం ఎవరికీ ఒక్క పైసా కట్టక్కర్లేదు. అలా ఎవరైనా అడిగితే వెంటనే ఫోన్ పెట్టేయండి.

ఫిబ్రవరి 25న ఉన్నట్టుండి ప్రకటన వచ్చింది. ఏడాది కాదు, ఈ వారం నుంచే పాత బాకీలు వేస్తున్నాం, చాలామందికి మార్చి చివరికల్లా వస్తాయి, పెరిగిన నెలవారీ మొత్తం ఏప్రిల్ నుంచి అని. నమ్మాలా వద్దా అనుకుంటూనే ఉన్నాను. మార్చి 6న పొద్దున బ్యాంకు యాప్‌లో చూస్తే 22,680 డాలర్లు పడి ఉన్నాయి. ఉత్తరం లేదు, మెసేజ్ లేదు. నెలకు 1,620 చొప్పున 2024 జనవరి నుంచి 2025 ఫిబ్రవరి దాకా పద్నాలుగు నెలలు. కాగితం మీద గుణించి చూసుకున్నాను, సరిగ్గా సరిపోయింది. వివరాలతో ఉత్తరం మాత్రం నెలాఖరుకి వచ్చింది. ఆ తర్వాత ఇంకో ఉత్తరం, కొత్త నెలవారీ మొత్తం గురించి. రెండిటి మధ్య గందరగోళ పడకండి, ఒకటి పాత బాకీది, ఇంకొకటి ఇక ముందు వచ్చేదానిది.

సర్వైవర్ బెనిఫిట్ ఏ బుధవారం పడుతుందన్నది పోయినవాళ్ల పుట్టినరోజుని బట్టి ఉంటుంది. మావారి పుట్టినరోజు 11కీ 20కీ మధ్య కాబట్టి మాకు మూడో బుధవారం. ఏప్రిల్ 16న మొదటిసారి పూర్తి మొత్తం పడింది. ధరలని బట్టి ఏటా ఇచ్చే పెంపు, కోలా, కలుపుకుని 2,443, పార్ట్ బి 185 పోగా చేతికి 2,258. అంతకు ముందు నెల దాకా 638 వచ్చేది. ఆయన సంపాదించింది ఆయన అనుకున్నట్టే ఇంటికి వచ్చిందని ఆ రోజు చాలాసేపు ఏడ్చాను. సంతోషమే, కానీ ఆయన లేకుండా వచ్చిన సంతోషం.

ఇప్పుడు అందరికంటే ముఖ్యంగా తెలియాల్సిన విషయం. నాతో పాటు అదే స్కూల్లో చేసిన ఒక తెలుగు అమ్మాయి ఉంది, నన్ను అక్కా అంటుంది. తన భర్త 2020లో కోవిడ్‌తో పోయారు. తన టీచర్ పెన్షన్ నాకంటే ఎక్కువ, భర్త బెనిఫిట్ నాకు వచ్చినదానికంటే తక్కువ. మూడింట రెండు వంతులు తీసేస్తే ఏమీ మిగలదు. "సున్నా కోసం అపాయింట్‌మెంట్లు, ఆ కాగితాలు ఎందుకక్కా" అని అసలు అప్లై చేయలేదు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ కొత్త చట్టం వచ్చాక తేడా అక్కడే వచ్చింది. అప్పట్లో అప్లై చేసి సున్నా తెచ్చుకున్నవాళ్ల పేరు రికార్డుల్లో ఉంది, వాళ్లకి అడగకుండానే 2024 జనవరి నుంచి లెక్కకట్టి వేసేశారు. అసలు అప్లై చేయనివాళ్లు కొత్తగా అప్లై చేయాలి, అప్పుడు మామూలు నిబంధన ప్రకారం వెనక్కి ఆరు నెలల దాకానే ఇస్తారు.

తను 2025 మార్చిలో అప్లై చేసింది, అంటే 2024 సెప్టెంబర్ నుంచే లెక్క. జనవరి నుంచి ఆగస్టు దాకా ఎనిమిది నెలల డబ్బు, తన లెక్కలో పన్నెండు వేలకు పైనే, పోయినట్టే. చట్టం ఇద్దరికీ ఒకటే, మా ఇద్దరి పరిస్థితీ ఒకటే, తేడా ఎప్పుడో ఇచ్చిన ఒక దరఖాస్తు. నాకైతే ఇది ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. చట్టం రాసినవాళ్లు ఈ ఒక్క లైను గురించి ఆలోచించి ఉంటే బాగుండేది.

పైగా తను అప్లై చేసిన నెలే, గుర్తింపు ఫోన్‌లో కుదరదు ఆఫీసుకి రావాలి అన్న ప్రకటన వచ్చింది, తర్వాత గడువు జరిపారు, ఏప్రిల్‌లో ఫోన్‌లోనే చేయొచ్చని మళ్లీ చెప్పారు. ఆ వారాల్లో ఆఫీసుల ముందు పెద్దవాళ్లు, వాకర్లతో వచ్చినవాళ్లు, బయట దాకా లైన్లో నిలబడ్డారు. తనకి తోడుగా నేనూ వెళ్లాను. పొద్దున తెరవకముందే వెళ్లినా లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నం అయింది. తనకి డబ్బు జూన్‌లో వచ్చింది. జూలైలో సోషల్ సెక్యూరిటీ వాళ్లు 31 లక్షలకు పైగా చెల్లింపులు పూర్తిచేశామని, మొత్తం 1,700 కోట్ల డాలర్లు ఇచ్చామని ప్రకటించారు. అంత మందిలో ఎక్కువ భాగం నాలాగా ముందే రికార్డుల్లో ఉన్నవాళ్లే. అందుకే, మీలో ఎవరైనా అప్పట్లో "ఎలాగూ రాదు" అని వదిలేసి ఉంటే, ఇది చదివాక ఈ నెలలోనే అప్లై చేయండి. ఆరు నెలల లెక్క మీరు అప్లై చేసిన రోజు నుంచే వెనక్కి వెళ్తుంది, ఆలస్యం చేసిన ప్రతి నెలా ఒక నెల డబ్బు పోతుంది.

మా అబ్బాయితో జరిగిన మాటలు కూడా రాయాలి, లేకపోతే ఒక వైపే చెప్పినట్టవుతుంది. డబ్బు వచ్చిన వారం వాడు ఇంటికి వచ్చాడు. సంతోషించాడు. తర్వాత భోజనాల దగ్గర మెల్లిగా అన్నాడు, "అమ్మా, నీకు రావడం నాకు సంతోషమే. కానీ ఈ చట్టానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అందులో రాయలేదు. పదేళ్లలో దాదాపు 19,600 కోట్ల డాలర్లు అని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసే లెక్క కట్టింది. సోషల్ సెక్యూరిటీ డబ్బు ఉండే ట్రస్ట్ ఫండ్ ఒక ఆరు నెలలు ముందే ఖాళీ అవుతుంది. అప్పుడు మాకు కోత."

నాకు ఆ మాట గుచ్చుకుంది. కానీ వాడు చెప్పింది తప్పు కాదు. పక్కింటి స్నేహితురాలు అన్నది ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఆవిడ జీవితమంతా ప్రైవేటు ఆఫీసుల్లో చేసి సోషల్ సెక్యూరిటీ కట్టింది. భర్త పోయాక ఆవిడకి తనదీ, భర్తదీ రెండూ రావు, రెండిట్లో ఏది ఎక్కువైతే అంతే వస్తుంది. "నేను కట్టింది మొత్తం పోయినట్టే కదండీ, మీకు మాత్రం పెన్షన్ మొత్తం, ఆయనది మొత్తం" అంది. ఏం చెప్పను? నా జీతంలోంచి కూడా ఇరవై రెండేళ్లు పెన్షన్‌కి కోత పడింది, అది ఊరికే ఇచ్చింది కాదు, అని చెప్పాను. ఆవిడ ఒప్పుకుంది, కానీ ఆవిడ ప్రశ్నకి అది పూర్తి జవాబు కాదని నాకూ తెలుసు. 1977లో ఆ కోత పెట్టినవాళ్లు చూసింది ఈ తేడానే. వాళ్ల ఉద్దేశం అర్థం లేనిది కాదు, కానీ తర్వాత వచ్చిన మూడింట రెండు వంతులు అన్న ఆ ఒక్క అంకెని చిన్న పెన్షన్ వచ్చే స్కూలు బస్సు డ్రైవర్ నుంచి పెద్ద ఆఫీసర్ దాకా అందరి మీదా ఒకేలా వేశారు. కొత్త చట్టం దాన్ని సరిదిద్దే బదులు పూర్తిగా ఎత్తేసింది. నా మటుకు నాకు ఎత్తేయడమే మంచిదైంది. అయినా మా అబ్బాయి తరానికి లోటు రాకుండా చూసే చట్టం కూడా రావాలి. దానికోసం కూడా నేను ఫోన్లు చేస్తున్నాను. జిప్ కోడ్ రాసుకునే పిల్లలు మారారు, అడిగే ప్రశ్నలు అవే.

చివరగా టాక్స్. పాత బాకీలోంచి టాక్స్ పట్టుకోరు, మొత్తం మన చేతికే ఇస్తారు. వచ్చిన రోజే ఐదు వేలు వేరే సేవింగ్స్‌లో వేసేశాను. ఒంటరిగా ఫైల్ చేసేవాళ్లకి పెన్షన్, ఇతర ఆదాయం, సోషల్ సెక్యూరిటీలో సగం కలిపి 34,000 దాటితే సోషల్ సెక్యూరిటీలో 85 శాతం దాకా టాక్స్ పరిధిలోకి వస్తుంది. ఈ పరిమితులు దశాబ్దాలుగా మారలేదు, ధరలు మాత్రం మారాయి. నా పెన్షన్ ఒక్కటే 29,160, కాబట్టి నేను దాటకుండా ఉండే మార్గం లేదు.

టాక్స్ కోసం సోషల్ సెక్యూరిటీ వాళ్లు పంపే ఎస్‌ఎస్‌ఏ–1099 కాగితం 2026 జనవరిలో వచ్చింది, అందులో 2025లో చేతికొచ్చిందంతా ఒకే ఏడాది మొత్తంగా చూపించి, అందులో 2024కి చెందింది ఎంతో విడిగా రాశారు. లంప్‌సమ్ ఎలక్షన్ అని ఒక పద్ధతి ఉంది, ఆ పాత భాగాన్ని 2024 లెక్కలోకి వేసి చూసుకోవచ్చు, పాత రిటర్న్ మళ్లీ ఫైల్ చేయక్కర్లేదు. అందరూ దాని వల్ల టాక్స్ తగ్గుతుంది అన్నారు. నా లెక్కలో మాత్రం పెద్దగా తేడా రాలేదు. 2024లో నేను ఆ 34,000కి కొంచెం కిందే ఉన్నాను, పాత బాకీ అక్కడ కలిపితే ఆ ఏడాది కూడా ఆ గీత దాటిపోయింది. కాబట్టి రెండు రకాలుగానూ వేసి చూసి, ఏది తక్కువైతే అది ఎంచుకోవాలి. టాక్స్ చేసేవాళ్లు అడిగితేనే రెండోది వేసి చూపిస్తారు, అడగండి. 65 దాటినవాళ్లకి 2025 నుంచి కొత్తగా వచ్చిన 6,000 తగ్గింపు కొంత కలిసొచ్చింది. మొత్తం మీద ఏడాదికి రెండు వేల తొమ్మిదొందల దాకా టాక్స్ అయింది, అంతకు ముందు ఏడాది రెండు వేలు కూడా లేదు. ఇక ముందు ఒకేసారి కట్టే పని లేకుండా డబ్ల్యూ–4వి ఫారం ఇచ్చి నెలనెలా 10 శాతం పట్టుకోమన్నాను. 7, 10, 12, 22, ఈ నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలి, మనకి ఇష్టమైన అంకె వేయడానికి లేదు.

ఆ డబ్బుతో ఏం చేశారు అని కూడా అడుగుతున్నారు. ఎన్నాళ్ల నుంచో వాయిదా వేస్తున్న పళ్ల వైద్యం చేయించుకున్నాను, ఇంటి పైకప్పు బాగు చేయించాను. మిగిలింది అలాగే ఉంచాను. మనవరాలు వచ్చే ఏడాది కాలేజీకి వెళ్తుంది, దాని ఫీజులో మొదటి సెమిస్టర్ తాతగారి పేరు మీద నేనే కడతానని మా అబ్బాయితో చెప్పాను. వాడు మొదట వద్దన్నాడు, తర్వాత సరే అన్నాడు.